తెలుగు పదాలతో స్ట్రూప్ ప్రయోగం: సైకోపైలో మొదటి నుంచి చివరిదాకా

‘ఎరుపు’ అనే మాట తెరమీద నీలం రంగులో కనిపిస్తుంది. మాట చదవకూడదు, దాని రంగేమిటో చెప్పాలి. చదవడం వచ్చిన ఎవరైనా ఇక్కడ ఒక్క క్షణం తడబడతారు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికన్ దీన్ని అట్టముక్కలతో, స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. వంద రంగు చతురస్రాల పేర్లు చెప్పడానికి కాలేజీ విద్యార్థులకు సగటున 63 సెకన్లు పట్టింది. అవే రంగుల్లో వేరే రంగుల పేర్లు అచ్చువేసి చూపిస్తే 110 సెకన్లు పట్టింది.

సైకాలజీలో సాఫ్ట్‌వేర్‌తో ప్రయోగం చేయడం నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠంగా ఇంతకంటే మంచిది దొరకదు. చిన్నది, ఫలితం దాదాపు ఎప్పుడూ వస్తుంది, తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతుంది. పైగా తెలుగులో చేస్తే ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో ఎక్కడా కనిపించని కొన్ని చిక్కులు ఎదురవుతాయి. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం వాటి గురించే.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

దీనిమీద వారాలు వాదించుకునేవాళ్లు ఉంటారు. అంత అవసరం లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ-ప్రైమ్ లైసెన్స్ ఉండి, పక్కన నేర్పేవాళ్లుంటే అదే వాడండి. అది డబ్బు పెట్టి కొనాల్సింది, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. మ్యాట్‌ల్యాబ్ బాగా వచ్చి, చూపుకు సంబంధించిన సూక్ష్మమైన ప్రయోగాలు చేసేవాళ్లకు సైక్‌టూల్‌బాక్స్ ఉంది. ఓపెన్‌సెసమి ఉచితం, మౌస్‌తోనే చాలా పని అయిపోతుంది. బ్రౌజర్‌లో నడిచే ప్రయోగాలకు జేఎస్‌సైక్ ఉంది, కానీ దానికి కాస్త జావాస్క్రిప్ట్ రావాలి.

మనం సైకోపై తీసుకుందాం. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో జొనాథన్ పియర్స్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. బిల్డర్ అనే కిటికీలో డబ్బాలు పేర్చినట్టు ప్రయోగం కట్టుకోవచ్చు. వెనకాల అదే పైథాన్ కోడ్ రాసిపెడుతుంది, కావాలంటే తెరిచి చదువుకోవచ్చు. సమయం కొలవడంలోనూ లోటు లేదు. 2020లో వచ్చిన ఒక పెద్ద పోలికలో సైకోపై, సైక్‌టూల్‌బాక్స్, ఈ-ప్రైమ్, ప్రెజెంటేషన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అన్నీ ల్యాబ్ కంప్యూటర్ మీద మిల్లీసెకను లోపు ఖచ్చితత్వం చూపాయి. ఆ పోలిక రాసినవాళ్లలో సైకోపై మనుషులే ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోండి. అయినా కొలతలు పరికరాలతో తీసినవి, నమ్మవచ్చు.

ముందు కాగితం మీద

సాఫ్ట్‌వేర్ తెరవకముందే మూడు సంగతులు తేల్చుకోండి: ఏ మాటలు, ఏ రంగులు, ఏ కీలు.

మాటల దగ్గరే మొదటి చిక్కు. ‘పచ్చ’ వద్దు. కొందరికి అది ఆకు రంగు, కొందరికి పసుపు రంగు. ‘ఆకుపచ్చ’ అంటే స్పష్టంగానే ఉంటుంది కానీ మిగతావాటికంటే పొడుగు, పైగా అందులో ఒత్తు ఉంది. ఆ ఒత్తు ఎందుకు ఇబ్బందో కింద చెబుతాను. ‘ఎరుపు’, ‘పసుపు’, ‘నీలం’ ఈ మూడూ సరిపోతాయి. పొట్టివి, ఒత్తులు లేవు, అర్థంలో అనుమానం లేదు.

కీల విషయానికొస్తే, బాణం గుర్తు కీలలో ఎడమది ఎరుపుకు, కిందది పసుపుకు, కుడిది నీలానికి. ఆ కీల మీద అదే రంగు స్టిక్కర్ బొట్లు అంటించండి. ఏ కీ ఏ రంగుదో గుర్తుపెట్టుకునే శ్రమ మనం కొలవాలనుకున్నది కాదు కదా. నోటితో చెప్పించే పద్ధతిలో తడబాటు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. కానీ దానికి మైక్రోఫోన్, గొంతు ఎప్పుడు మొదలైందో పట్టుకునే ఏర్పాటు కావాలి. మొదటిసారికి కీలే మేలు.

ఎక్సెల్ ఫైలే ప్రయోగం

సైకోపైలో అసలు డిజైన్ అంతా కండిషన్స్ ఫైల్ అనే ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. ఇది తప్పయితే మిగతాది ఎంత అందంగా కట్టినా దండగ.

ఒక కొత్త ఫోల్డర్ చేసి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. అందులో ఎక్సెల్ ఫైల్ తెరిచి నాలుగు నిలువు వరసలు వేయండి: మాట, సిరా రంగు, సరైన కీ, రకం. మొదటి అడ్డు వరసలో ఉండే ఈ శీర్షికలను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఈ గైడ్‌లో వాటిని వర్డ్, ఇంక్, కార్‌ఆన్స్, కండిషన్ అందాం. శీర్షికలో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలవకూడదు. వర్డ్ కింద తెలుగు మాట, ఇంక్ కింద రంగు ఇంగ్లీషు పేరు, కార్‌ఆన్స్ కింద లెఫ్ట్, డౌన్, రైట్‌లలో ఒకటి చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. కండిషన్ కింద మాటా రంగూ ఒకటే అయితే ఒక గుర్తు, వేరైతే ఇంకో గుర్తు.

మూడు మాటలు, మూడు రంగులు, మొత్తం తొమ్మిది జతలు. అందులో మూడు కుదిరినవి, ఆరు కుదరనివి. ఇక్కడ చాలామంది ‘రెండు రకాలూ సమానంగా ఉండాలి’ అని కుదిరిన జతలను రెండుసార్లు రాసి పన్నెండు చేస్తారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ అలా చేస్తే ‘ఎరుపు’ అనే మాట వచ్చినప్పుడల్లా సగంసార్లు రంగు కూడా ఎరుపే అవుతుంది, మిగతా రెండు రంగులకూ చెరో పాతిక శాతమే మిగులుతుంది. మాట చూసి రంగు ఊహించడం లాభసాటి అవుతుంది. ఇక మీకు కనిపించే తేడా చదవడంలోని తడబాటా, ఊహ తప్పడమా అన్నది విడదీయలేరు. అందుకే నా ఓటు తొమ్మిది వరసలకే. ప్రతి మాటా మూడు రంగుల్లో సమానంగా వస్తుంది, మాట వల్ల రంగు గురించి ఏమీ తెలియదు. రెండు రకాల సంఖ్య సమానం కాకపోతే విశ్లేషణలో ఒక చిన్న జాగ్రత్త చాలు, అది తర్వాత.

బిల్డర్‌లో కట్టడం

సైకోపై వెబ్‌సైట్ నుంచి స్టాండలోన్ వెర్షన్ దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. తెరవగానే ఖాళీ ప్రయోగాన్ని ఎక్సెల్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే సేవ్ చేయండి. ఈ పని ముందే చేయకపోతే కండిషన్స్ ఫైల్ దారి తప్పి, తర్వాత వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు దొరకదు.

ట్రయల్ అంటే ఒకసారి మాట చూపించి ఒక సమాధానం తీసుకోవడం. ఆ పేరుతో ఒక రొటీన్, అంటే ప్రయోగంలో ఒక అంకం, ఎలాగూ ఉంటుంది. అందులో మూడు కాంపొనెంట్లు, అంటే తెరమీద చూపేవి, సమాధానం తీసుకునేవి, పెట్టాలి.

మొదటిది టెక్స్ట్: మధ్యలో ఒక కూడిక గుర్తు, 0 సెకన్ల దగ్గర మొదలై అర సెకను ఉండేది. చూపు మధ్యకు రావడానికి.

రెండోది కూడా టెక్స్టే, మన మాట. 0.5 దగ్గర మొదలవ్వాలి, ఆగే సమయం ఖాళీగా వదిలేయాలి. టెక్స్ట్ గడిలో డాలర్ గుర్తు పెట్టి వర్డ్ అని, రంగు గడిలో డాలర్ గుర్తు పెట్టి ఇంక్ అని రాయండి. $ ఉంటే ‘ఇది మాట కాదు, ఎక్సెల్ నుంచి తెచ్చుకోవాల్సిన విలువ’ అని సైకోపైకి అర్థం. రెండు గడుల పక్కనా ఉన్న చిన్న మెనూలో ‘కాన్‌స్టంట్’ తీసేసి ‘సెట్ ఎవ్రీ రిపీట్’ ఎంచుకోండి. ఇది మర్చిపోతే రన్ నొక్కగానే ‘వర్డ్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. కొత్తవాళ్ల టెన్షన్‌లో సగం ఈ ఒక్క లైను వల్లే. ఇంకో సంగతి: కాంపొనెంట్ పేరు, ఎక్సెల్ శీర్షిక ఒకటే ఉండకూడదు. శీర్షిక వర్డ్ అయితే కాంపొనెంట్‌కు ఇంకేదైనా పేరు పెట్టండి.

మూడోది కీబోర్డ్. ఇదీ 0.5 దగ్గరే మొదలవ్వాలి, ఎందుకంటే స్పందన సమయం ఈ కాంపొనెంట్ మొదలైన క్షణం నుంచే లెక్కకొస్తుంది. 0 దగ్గర పెడితే ప్రతి సమాధానానికీ అర సెకను అదనంగా పడుతుంది, మాట రాకముందే కీ నొక్కేసే వీలూ ఉంటుంది. అనుమతించే కీల గడిలో మూడు పేర్లూ కొటేషన్ గుర్తుల మధ్య, కామాలతో విడదీసి రాయండి. ‘స్టోర్ కరెక్ట్’ టిక్ చేసి, సరైన సమాధానం గడిలో డాలర్ గుర్తుతో కార్‌ఆన్స్ అని ఇవ్వండి. కీ నొక్కగానే రొటీన్ ముగిసేలా ‘ఫోర్స్ ఎండ్’ కూడా టిక్ అయి ఉండాలి.

కింద ఫ్లోలో, అంటే రొటీన్లు వరసగా కనిపించే పట్టీలో, ఈ రొటీన్ చుట్టూ ఒక లూప్ (దాన్ని మళ్లీ మళ్లీ నడిపేది) వేయండి. కండిషన్స్ ఫైల్ ఎంచుకోగానే ‘9 కండిషన్స్, 4 పరామితులు’ అన్న అర్థంలో ఒక లైను కనిపించాలి. వేరే అంకెలు కనిపిస్తే ఎక్సెల్‌లో ఎక్కడో ఖాళీ గడిలో ఏదో మిగిలిపోయిందన్నమాట. ఎన్‌రెప్స్ (ఫైల్‌ను ఎన్నిసార్లు తిప్పాలన్న అంకె) 10 పెడితే 90 ట్రయల్స్ వస్తాయి. లూప్ రకం ‘రాండమ్’ చాలు. అది ప్రతి తొమ్మిదింటినీ కలిపి తిప్పి, ఆ తర్వాతే రెండో విడతకు వెళ్తుంది. ‘ఫుల్ రాండమ్’ 90నీ ఒకేసారి కలిపేస్తుంది, దాంతో ఒకే జత వరసగా చాలాసార్లు రావచ్చు.

అసలు ప్రయోగానికి ముందు ఒక విడత ప్రాక్టీసు ఉండాలి. ట్రయల్ రొటీన్‌నే ఫ్లోలో మరోసారి పెట్టి, దాని వెనక ఫీడ్‌బ్యాక్ రొటీన్ చేర్చి, రెండింటికీ కలిపి ప్రాక్టీస్ అనే వేరే లూప్ వేయండి. ఫీడ్‌బ్యాక్‌లో ఒక కోడ్ కాంపొనెంట్, ఒక టెక్స్ట్ కాంపొనెంట్ ఉంటాయి. కోడ్‌లో ‘బిగిన్ రొటీన్’ ట్యాబ్‌లో సమాధానం సరైతే ఒక మాట, తప్పయితే ఇంకో మాట వచ్చేలా రెండు లైన్ల షరతు రాస్తారు. కోడ్ కాంపొనెంట్ టెక్స్ట్‌కు పైన ఉండాలి. కింద ఉంటే కిందటి ట్రయల్ ఫలితం ఈ ట్రయల్‌కు చూపిస్తుంది. సరిగా నొక్కినా ‘తప్పు’ అని వస్తుంటే పార్టిసిపెంట్ మొహం చూడాలి!

తెలుగు తెరమీద సరిగా వస్తోందా?

ఇప్పుడు ఒత్తుల సంగతి. సైకోపై ఎంఎస్ వర్డ్‌లాగా, బ్రౌజర్‌లాగా అక్షరాలను కూర్చదు. మీ కంప్యూటర్‌లో ఎలా వస్తుందో పరీక్షించడానికి ఒక టెక్స్ట్ కాంపొనెంట్‌లో ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి’ అని రాసి నడపండి. బాగా వస్తే అదృష్టం. రాకపోతే స్త్రీ కాస్తా ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు ముక్కలై పక్కపక్కనే నిలబడుతుంది. టెక్స్ట్‌బాక్స్ అనే ఇంకో కాంపొనెంట్‌లో ఈ సమస్య మరింత ఎక్కువ. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తే అది వేరే జబ్బు, ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేదని అర్థం. విండోస్‌లో నిర్మలా యూఐ లేదా గౌతమి, ఎక్కడైనా ఉచితంగా దొరికే నోటో శాన్స్ తెలుగు పెట్టి చూడండి.

మన మూడు మాటల్లో ఒత్తులు లేవు కాబట్టి చిక్కు ఉండకపోవచ్చు, అయినా మీ కళ్లతో చూసి ఖాయం చేసుకోండి. ఫీడ్‌బ్యాక్‌కు ‘తప్పు’ బదులు ‘కాదు’, ‘సరైనది’ బదులు ‘సరి’ అంటే గొడవే లేదు. సూచనల పేజీ మాత్రం ఒత్తులు లేకుండా రాయలేం. దాన్ని పవర్‌పాయింట్‌లో టైప్ చేసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, ఇమేజ్ కాంపొనెంట్‌లో పెట్టేయండి. ఒత్తులున్న మాటలనే చూపించాల్సిన ప్రయోగమైతే ప్రతి మాటనూ ఇలాగే బొమ్మ చేసి, ఎక్సెల్‌లో మాట బదులు ఫైల్ పేరు ఇవ్వాలి. అన్ని బొమ్మల్లోనూ అక్షరాల సైజు ఒకటే ఉండేలా చూడండి.

తెర నేపథ్యం బూడిద రంగులోనే ఉంచండి, సైకోపై ఇచ్చేది అదే. తెలుపు మీద పసుపు కనిపించదు, నలుపు మీద నీలం కనిపించదు.

మిల్లీసెకన్ల గోల

మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు తెరను తాజా చేస్తుంది. అంటే ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. మాటను 40 మిల్లీసెకన్లు చూపించాలని మీరు అడిగినా అది కుదరదు, 33 గానీ 50 గానీ అవుతుంది. స్ట్రూప్‌లో మాట కీ నొక్కేదాకా ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. క్షణంలో మాయమయ్యే బొమ్మలతో ప్రయోగం చేసేటప్పుడు మాత్రం సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో లెక్క ఇవ్వండి.

కీబోర్డ్ కూడా కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగానే కబురు పంపుతుంది. ఆ ఆలస్యం రెండు రకాల ట్రయల్స్‌కూ ఒకటే కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి తీసేసినప్పుడు పోతుంది. మనకు కావాల్సింది తేడానే. ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా మారితేనే తలనొప్పి. అందుకే బ్లూటూత్ కీబోర్డ్ వద్దు, ల్యాప్‌టాప్ సొంత కీబోర్డో వైరున్నదో వాడండి. ఛార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ పొదుపు ఆపేయండి. వెనకాల అప్‌డేట్లు, డ్రైవ్ సింక్‌లు నడవకూడదు. అందరికీ ఒకే ల్యాప్‌టాప్.

సాయంత్రం పూట తెరను పసుపుపచ్చగా మార్చే నైట్ లైట్ సెట్టింగ్ చూసుకున్నారా? రంగుల ప్రయోగంలో అది ఆన్‌లో ఉంటే ఉదయం వచ్చినవాళ్లు ఒక నీలం, సాయంత్రం వచ్చినవాళ్లు ఇంకో నీలం చూస్తారు.

ఎవరినీ పిలవకముందు

మీరే మొత్తం ప్రయోగం చేయండి. కావాలని కొన్ని తప్పులు నొక్కండి. తర్వాత డేటా ఫోల్డర్‌లో సీఎస్‌వీ ఫైల్ (ఫలితాలు పట్టికలా నమోదయ్యే ఫైల్) తెరవండి. 90 ప్రధాన ట్రయల్స్‌కూ వరసలున్నాయా? తప్పు నొక్కిన చోట కరెక్ట్ గడిలో 0 ఉందా? స్పందన సమయాలు సెకన్లలో, 0.4 నుంచి 1.2 మధ్య తిరుగుతున్నాయా? రకం పేరు ప్రతి వరసలో ఉందా? ఇంకోసారి నడిపి మధ్యలో ఎస్కేప్ నొక్కి ఆపేయండి, అప్పటిదాకా చేసింది సేవ్ అయిందో లేదో చూడండి. ఈ అరగంట పని చేయకుండా ముప్పైమందిని కూర్చోబెట్టి, చివరికి చూస్తే సమాధానాలే నమోదు కాలేదని తేలితే ఆ ముప్పైమందిని మళ్లీ పిలవలేరు.

మొదట్లో వచ్చే చిన్న కిటికీలో పార్టిసిపెంట్ గడి ఉంటుంది. అక్కడ పేరు గానీ ఫోన్ నంబర్ గానీ వద్దు, ఒక కోడ్ చాలు. ఎక్స్‌పరిమెంట్ సెట్టింగ్స్‌లో ఇంకో గడి చేర్చండి: స్కూల్లో ఏ మీడియం. తెలుగులో ఇది చాలా ముఖ్యం. చదవడం దానంతటదే జరిగిపోయేవాళ్లకే స్ట్రూప్ తడబాటు వస్తుంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతూ ఇంగ్లీషు మీడియంలో చదివి, బస్సు బోర్డు కూడా కూడబలుక్కుని చదివే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. విదేశాల్లో పెరిగినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వాళ్లను మిగతావారితో కలిపేస్తే తేడా తగ్గిపోయి ఫలితం నీరసంగా వస్తుంది. నిజానికి ఆ తేడాయే ఒక మంచి డిసర్టేషన్ అంశం. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉందా అని కూడా ముందే అడగాలి.

డిసర్టేషన్ కోసమైతే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి డేటా మొదలుపెట్టకముందే రావాలి. అంగీకార పత్రం తెలుగులో, చదివితే అర్థమయ్యేలా ఉండాలి. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చన్న మాట అందులో తప్పక ఉండాలి.

డేటా సేకరణ మొదలయ్యాక సైకోపై అప్‌డేట్ చేయకండి. ‘కొత్త వెర్షన్ వచ్చింది’ అని అడుగుతూనే ఉంటుంది, వద్దనండి. సెట్టింగ్స్‌లో ‘యూజ్ సైకోపై వెర్షన్’ దగ్గర ఒక అంకె పెట్టేస్తే ఇంకా మంచిది.

డేటా వచ్చాక

అసలు సీఎస్‌వీ ఫైళ్లను ముట్టుకోకండి, కాపీ మీదే పని చేయండి. ఎక్సెల్‌లో తెరిచి మామూలు సీఎస్‌వీగా మళ్లీ సేవ్ చేస్తే తెలుగు మాటలన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి. ఎక్సెల్ వర్క్‌బుక్‌గానో యూటీఎఫ్-8 సీఎస్‌వీగానో సేవ్ చేసుకోండి.

ప్రాక్టీసు వరసలు కూడా అదే నిలువు వరసలో ఉంటాయి, ముందు వాటిని తీసేయాలి. తర్వాత తప్పు సమాధానాలు, 0.2 సెకన్ల కంటే వేగంగా నొక్కినవి. అంత త్వరగా ఎవరూ రంగు చూసి నొక్కలేరు. మరీ ఆలస్యమైనవాటికి హద్దు ఎక్కడ పెడతారో డేటా చూడకముందే రాసిపెట్టుకోండి. మిగిలినవాటికి ఒక్కొక్క వ్యక్తికీ రెండు సగటులు: కుదిరినవాటికి ఒకటి, కుదరనివాటికి ఒకటి. ఎక్సెల్‌లో ఏవరేజ్‌ఇఫ్స్ ఫంక్షన్ చాలు. చాలామంది ఇక్కడ మీడియన్ (చిన్న నుంచి పెద్దకు పేర్చితే మధ్యలో వచ్చే విలువ) వాడమంటారు. మన దగ్గర ఒక రకం 30, ఇంకో రకం 60 ఉన్నాయి కాబట్టి వద్దు. స్పందన సమయాల పంపిణీ ఒకవైపు తోక సాగి ఉంటుంది. అలాంటప్పుడు తక్కువ ట్రయల్స్ ఉన్నవైపు మీడియన్ కాస్త ఎక్కువగా చూపించే గుణం ఉంది. ఆ పక్షపాతం సగటుకు లేదు. తర్వాత జాస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెయిర్డ్ టీ-టెస్ట్ (అవే మనుషుల రెండు సగటుల మధ్య తేడాను పరీక్షించేది) చేసుకోవచ్చు. తప్పుల శాతాన్ని కూడా రెండు రకాలకూ విడిగా చూడండి. వేగంగా నొక్కుతూ తప్పులు చేసేవాళ్లు సగటులో కనిపించరు, అక్కడ కనిపిస్తారు.

ఆన్‌లైన్‌లో పెట్టాలంటే

సైకోపై ప్రయోగాన్ని పావ్లోవియా అనే సైట్‌కు పంపవచ్చు. మీరు పరీక్షించుకోవడం ఉచితం, నిజంగా డేటా తీసుకోవాలంటే పార్టిసిపెంట్ల లెక్కన క్రెడిట్లు కొనాలి, లేదా మీ సంస్థకు లైసెన్స్ ఉండాలి. ఓపెన్‌సెసమిలో చేసినదైతే జాటోస్ అనే ఉచిత సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు.

ఒత్తులతో నిండిన తెలుగు వాక్యాలు చదివించే ప్రయోగమైతే మాత్రం మొదటినుంచే జేఎస్‌సైక్ వైపు వెళ్లమంటాను. అక్షరాలు కూర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది, స్త్రీ స్త్రీలాగే వస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. మీరు లింక్ వాట్సాప్‌లో పంపుతారు, తెరిచేవాళ్లు ఫోన్‌లో తెరుస్తారు. ఫోన్‌లో బాణం కీలు ఎక్కడివి? మొదటి మాట దగ్గరే ఆగిపోయి ‘లింక్ పనిచేయట్లేదు’ అని మెసేజ్ పెడతారు. జేఎస్‌సైక్‌లో కీల బదులు తెరమీద మూడు బటన్లు పెట్టుకోవడానికి ప్లగిన్ ఉంది. వేలితో తాకే సమయాలు కీబోర్డ్ సమయాలతో పోలవు, కాబట్టి ఫోన్‌వాళ్లనీ ల్యాప్‌టాప్‌వాళ్లనీ ఒకే గుంపులో కలపకండి. మొదటి పేజీలోనే ఏ పరికరమో గుర్తించి, మీకు అక్కర్లేనిది అయితే ‘దయచేసి కంప్యూటర్‌లో తెరవండి’ అని చెప్పి అక్కడే ఆపేయండి.